పొట్టి బేస్ మీద చిన్నచూపు

ఎలక్ట్రిక్ బేస్ గిటార్ కథ ఎవరు చెప్పినా 1951 దగ్గరే మొదలుపెడతారు. రేడియోల మరమ్మతుతో బతుకు ప్రారంభించిన లియో ఫెండర్ ఆ ఏడాది చివర్లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ నుంచి ప్రెసిషన్ బేస్‌ను బజారులోకి తెచ్చాడు. దాని తీగ కంపించే పొడవు 34 అంగుళాలు. అదే అసలు కొలత అయినట్టూ, తక్కినవన్నీ దానికి కొంచెం ఎక్కువో తక్కువో అయినట్టూ కథ నడుస్తుంది. ఆ లెక్కన 30 అంగుళాల బేస్ అసలుదాన్ని కత్తిరించి చేసిన నకలు. కుర్రాళ్లు నేర్చుకోవడానికి, చేతులు చిన్నవైనవాళ్లు సర్దుకోవడానికి, డబ్బు చాలనివాళ్లు సరిపెట్టుకోవడానికి పనికొచ్చేది. కానీ కథను పదిహేనేళ్లు వెనక్కి జరిపితే ఈ లెక్క తలకిందులవుతుంది. 1936 ప్రాంతంలో సియాటిల్‌లో పాల్ టట్‌మార్క్ అనే హవాయి గిటార్ విద్వాంసుడు, పాఠాలు చెప్పుకుంటూ, తీగ కంపనాన్ని విద్యుత్తుగా మార్చే పికప్‌లు చుట్టుకుంటూ ఆడియోవాక్స్ 736 బేస్ ఫిడిల్ అనే వాయిద్యాన్ని తయారుచేసి అమ్మాడు. గట్టి చెక్క ఒళ్లు, నాలుగు తీగలు, మెడ మీద మెట్లు, ఒక పికప్, ఒంటికి అడ్డంగా పట్టుకుని వాయించే తీరు: తర్వాత ఎలక్ట్రిక్ బేస్ అనిపించుకున్నదానికి ఉండాల్సినవన్నీ దానికి ఉన్నాయి. వందకు మించి తయారు కాలేదని సాధారణ అంచనా. ఇప్పుడు ఒకటి సియాటిల్‌లోని ఒక మ్యూజియంలో ఉంది. దాని తీగ పొడవు 30 అంగుళాల పైచిలుకు మాత్రమే. అంటే ఈ వాయిద్యం పుట్టిందే పొట్టిగా. 34 అంగుళాలు తర్వాత వచ్చిన కొలత. మరి చిన్నచూపు ఎక్కణ్నుంచి వచ్చిందంటే, పొడవులోంచి రాలేదనీ, ఆ పొడవుకు కంపెనీలు తగిలించిన నాసిరకం సరంజామాలోంచీ, అమ్మిన తీరులోంచీ వచ్చిందనీ నా వాదన.

ముందు పొడవు చేసే పని ఏమిటో చూడాలి. మెడ కొసన ఉండే నట్టు నుంచి బ్రిడ్జి దాకా తీగ స్వేచ్ఛగా కదిలే దూరాన్ని స్కేలు అంటారు. బేస్ మీద అన్నిటికన్నా లావు తీగ సెకనుకు 41 సార్లు కంపించాలి. ఒకే లావు తీగను ఒకే శ్రుతికి బిగించినప్పుడు బిగువు పొడవు వర్గాన్ని బట్టి మారుతుంది. 30ని 34తో భాగించి వర్గం చేస్తే 0.78 వస్తుంది. అంటే నాలుగంగుళాలు తగ్గితే బిగువు 22 శాతం పడిపోతుంది. వాయించేవాడి వేళ్లకు మొదట తెలిసే తేడా ఇదే. రెండోది మెట్ల మధ్య దూరం. 34 అంగుళాల బేస్ మీద నట్టు నుంచి మొదటి మెట్టు 48 మిల్లీమీటర్ల పైన ఉంటుంది, 30 మీద 43కి లోపే. చూపుడువేలు మొదటి మెట్టు మీద, చిటికెనవేలు నాలుగో మెట్టు మీద ఉంచాలంటే మొదటిదానిపై 130 మిల్లీమీటర్లు చాచాలి, రెండోదానిపై 114 చాలు. పదహారు మిల్లీమీటర్లంటే ఒక వేలి మందం. మెడ మొదట్లో వేలికొక మెట్టు పద్ధతిలో గంటసేపు వాయించినవాడికి ఆ ఒక్క వేలి మందం ఎంత దూరమో తెలుస్తుంది.

బిగువు తగ్గడం వల్ల జరిగేది వేళ్లకు సుఖం ఒక్కటే అయితే ఇంత చర్చ అక్కర్లేదు. వదులు తీగను పక్కకి లాగితే, అదే దూరానికి స్వరం ఎక్కువ కదులుతుంది. వీణ మీద మెట్టు దగ్గర తీగను లాగి గమకం పలికించేవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. పొట్టి బేస్ మీద మంద్ర స్వరాన్ని అలా కదిలించవచ్చు. 34 మీద అదే పని బలప్రయోగం అవుతుంది. నాదం స్వభావమూ మారుతుంది. తీగ ఎంత పొట్టిగా, ఎంత వదులుగా ఉంటే దాని బిరుసుతనం అంతగా పైకి తేలుతుంది. పై హార్మోనిక్స్ ఉండాల్సిన చోటికన్నా కొంచెం పైకి జరిగి, కొంత బలం కోల్పోతాయి. అందుకని లోహపు మెరుపు తగ్గి, స్వరం గుండ్రంగా, మెత్తగా వినిపిస్తుంది. దీన్ని గుణమనాలా దోషమనాలా అన్నది పాటను బట్టి చెప్పాల్సిన మాట. నష్టమూ లేకపోలేదు. అవసరానికి మించి నొక్కితే శ్రుతి పైకి పోతుంది, మొరటుగా మీటితే లావు తీగ మెట్లకు కొట్టుకుని గరగరమంటుంది. పొట్టి బేస్ చేతిని అదుపులో పెట్టుకోమంటుంది. మొదటిసారి పట్టుకున్నవాళ్లు చాలామంది ఈ అదుపు లేకపోవడాన్ని వాయిద్యం లోపంగా లెక్కేస్తారు.

34కు ప్రకృతిసిద్ధమైన అధికారం ఉందనేవాళ్లు డబుల్ బేస్ సంగతి గుర్తుచేసుకోవాలి. నిలబెట్టి వాయించే ఆ పెద్ద బేస్‌లో తీగ పొడవు 41, 42 అంగుళాలు. అదీ పూర్తి సైజు కాదు. ఆర్కెస్ట్రాల్లో, జాజ్ బృందాల్లో దాదాపు అందరూ వాడేది మూడు వంతుల సైజు. నాలుగు వంతులది అరుదు. పూర్తి సైజు మోయలేనివాళ్లు తగ్గించుకున్నదని దాన్ని ఎవరూ వెక్కిరించరు. చేతికి అందాల్సిన దూరం, మంద్రంలో రావాల్సిన బలం, ఈ రెంటికీ మధ్య రాజీయే బేస్ కొలత ఎప్పుడైనా. ఫెండర్‌దీ అలాంటి రాజీయే. 30, 32 అంగుళాలు ప్రయత్నించామనీ, కావాల్సిన నాదం రాలేదనీ, 34 దగ్గర బాగా పలికిందనీ ఆయన సహచరుడు జార్జ్ ఫుల్లర్టన్ తర్వాత చెప్పుకొచ్చాడు. దాన్ని కాదనక్కర్లేదు. కానీ ఆ పరీక్ష జరిగింది అప్పట్లో దొరికిన తీగలతో, అప్పటి పికప్‌తో, అప్పటి యాంప్లిఫయర్‌తో. ఎలక్ట్రిక్ బేస్ కోసమని ప్రత్యేకంగా చేసిన తీగలు ఇంకా బజారులో లేని రోజులవి. ఆ పరిస్థితుల్లో తేలిన ఫలితం ఆ పరిస్థితులకే చెల్లుతుంది. రెండేళ్లు తిరక్కుండానే, 1953లో, మిషిగన్‌లోని కలమజూలో గిబ్సన్ కంపెనీ తన మొదటి ఎలక్ట్రిక్ బేస్‌ను వయొలిన్ ఆకారంలో, 30.5 అంగుళాల స్కేలుతో తెచ్చింది. డబుల్ బేస్ అలవాటున్నవాళ్లు నిలబెట్టి వాయించుకునేందుకు అడుగున ఒక ఊచ కూడా పెట్టింది. ఆ రోజుల్లో అమెరికాలో గిబ్సన్ కన్నా పరువున్న గిటార్ కంపెనీ లేదు. పొట్టి స్కేలు నేర్చుకునేవాళ్ల కోసం అనే ఆలోచన అప్పటికి ఎవరి బుర్రలోనూ లేదు.

యూరప్‌లో జరిగింది ఇంకా ఆసక్తికరం. బొహీమియాలోని షోన్‌బాఖ్ వయొలిన్ పనివాళ్ల ఊరు. ఇప్పుడది చెక్ రిపబ్లిక్‌లో లూబీ. కార్ల్ హాఫ్నర్ 1887లో అక్కడే తన సంస్థ పెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఆ ప్రాంతపు జర్మన్లను దాదాపు అందర్నీ వెళ్లగొట్టారు. చెక్కపని తప్ప మరో ఆస్తి లేని వాద్య తయారీదారుల కుటుంబాలు చాలా వరకు బవేరియాలో ఎర్లాంగెన్ పక్కనున్న బుబెన్‌రాయిట్ అనే చిన్న పల్లెలో స్థిరపడ్డాయి. హాఫ్నర్ సంస్థ కూడా అక్కడికే చేరింది. 1950ల మధ్యలో ఎలక్ట్రిక్ బేస్‌కు గిరాకీ ఉందని తెలిసినప్పుడు కార్ల్ కొడుకు వాల్టర్ హాఫ్నర్ ఫెండర్‌లా పలకచెక్కను కోసి పికప్ బిగించే పని పెట్టుకోలేదు. వంశపారంపర్యంగా చేతనైన పనే చేశాడు. వంపు తిరిగిన స్ప్రూస్ పైపలక, మేపుల్ వీపు, లోపల డొల్ల, ఆకారం వయొలిన్‌ది, స్కేలు సుమారు 30 అంగుళాలు. 1956లో లోకానికి చూపించిన ఆ హాఫ్నర్ 500/1 బరువు రెండున్నర కిలోలకు లోపే. నాలుగు కిలోల ప్రెసిషన్ పక్కన అది దాదాపు గాలి. డొల్ల ఒళ్లూ, పొట్టి స్కేలూ, నున్నటి ఫ్లాట్‌వౌండ్ తీగలూ కలవడంతో స్వరం ఠక్కున పుట్టి తొందరగా అణిగిపోతుంది. డబుల్ బేస్‌ను వేలితో మీటితే వచ్చేదానికి ఇది చాలా దగ్గర. వయొలిన్ పనివాళ్ల చేతిలో ఎలక్ట్రిక్ బేస్ మళ్లీ తన ముత్తాతలా పలికింది.

1961లో హాంబర్గ్‌లో వాయిస్తున్న లివర్‌పూల్ కుర్రాడు పాల్ మకార్ట్నీ దాన్ని కొన్న కారణాలు రెండూ అతను పదేపదే చెప్పినవే. ఫెండర్ ధర వంద పౌండ్ల దరిదాపుల్లో ఉంటే ఇది ముప్పై పౌండ్లు. రెండువైపులా ఒకే రూపం గనుక ఎడమచేతివాటం మనిషి తిప్పి పట్టుకున్నా ఎబ్బెట్టుగా కనబడదు. స్కేలు గురించి అతనికి పట్టింపు ఉన్నట్టు లేదు. కానీ చవకగా కొన్న బేస్ కాబట్టి చవక బేస్ అని తీర్పు చెప్పడం తొందరపాటు. 1963, 64లలో అతని బీటిల్స్ బృందం పాటలు జనం విన్నది ట్రాన్సిస్టర్ రేడియోల్లో, గ్రామఫోన్ పెట్టెల్లో. అరచేతిలో సగం లేని స్పీకర్ సెకనుకు 41 కంపనాల నాదాన్ని ఎలాగూ పలికించలేదు. పై హార్మోనిక్స్ విని చెవి మిగతాది ఊహించుకుంటుంది. అలాంటి స్పీకర్‌లో నిలిచేది స్వరం మొదట్లో ఉండే ఆ గుద్దు, మధ్యస్థాయి గుమ్మనడం. హాఫ్నర్‌కు పుష్కలంగా ఉన్నవి అవే. దాని మంద్రం పలచన అన్న ఆక్షేపణ ఆనాటి శ్రోత ఇంట్లో నిలబడేది కాదు. (ఆ 1961 బేస్ 1972లో లండన్‌లో ఒక వ్యాన్‌లోంచి చోరీ అయింది. అది దొరికి యజమానికి చేరిందన్న వార్త 2024లో బయటికొచ్చింది. వాదనకు పనికొచ్చే సంగతి కాదు, చెప్పకుండా ఉండబుద్ధి కాలేదు.)

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. అంత గొప్పదైతే మకార్ట్నీయే దాన్ని ఎందుకు పక్కన పెట్టాడు? 1965 చివరి నుంచి స్టూడియోలో అతని చేతిలో ఎక్కువగా ఉన్నది రికెన్‌బాకర్, 33 అంగుళాల పైచిలుకు స్కేలు. బేస్ పాటలో అంత ముందుకొచ్చి మాట్లాడటం మొదలైంది ఆ వాయిద్యంతోనే. ఇది నిజం. కారణం కూడా అతనే చెప్పాడు. హాఫ్నర్ మెడ మీద పైకి వెళ్లేకొద్దీ శ్రుతి కుదిరేది కాదు, రికెన్‌బాకర్ నిలబడేది. అయితే హాఫ్నర్ శ్రుతి ఇబ్బంది స్కేలుది కాదు. దాని బ్రిడ్జి ఒక చెక్క ముక్క, అందులో గాడుల్లో కూర్చోబెట్టిన చిన్న లోహపు ముక్కలు. ఒక్కో తీగ పొడవును సన్నగా సవరించుకునే మరలు లేవు. వయొలిన్ సంప్రదాయం తెచ్చిన అందంతోపాటు ఈ అవస్థ కూడా వచ్చింది. 1969 జనవరిలో బీటిల్స్ మేడ మీద ఆఖరి కచేరీ చేసినప్పుడు అతని భుజాన ఉన్నది మళ్లీ హాఫ్నరే. 1980ల చివర్లో గాయకుడు ఎల్విస్ కాస్టెలో పోరుపెట్టి అతని దగ్గరున్న మరో హాఫ్నర్‌ను బయటికి తీయించాక, ఇక వేదిక మీద అది అతన్ని వదల్లేదు. బరువులేని వాయిద్యం భుజాన ఉంటే మనిషి వాయించే తీరే వేరుగా ఉంటుందని అతను చెప్పిన మాట ఏ కొలబద్దకూ అందేది కాదు, కానీ కొట్టిపారేసేదీ కాదు.

చిన్నచూపు అసలు కథ అమెరికాలో నడిచింది. దాంట్లో మొదటి దోషి గిబ్సన్. 1959లో వచ్చిన ఇబి-0 బేస్‌లో ఒకటే పికప్. వేల చుట్ల సన్నతీగతో చుట్టిన పెద్ద పెట్టె, అదీ మెడ అంచుకు ఆనించి. అన్ని చుట్లుంటే పై స్థాయిలు వాటంతటవే నలిగిపోతాయి. మెడ దగ్గర తీగ ఊపు విశాలం కాబట్టి మూలస్వరమే ముంచెత్తుతుంది. ఫలితం బురద. ఆ పికప్‌కు మడ్‌బకర్ అనే పేరు ఊరికే రాలేదు. వినేవాళ్లు మాత్రం పికప్‌ను తిట్టకుండా స్కేలును తిట్టారు. రెండో మలుపు 1966. అప్పటికి ఫెండర్ కంపెనీ సీబీఎస్ ప్రసార సంస్థ చేతికి పోయింది. వెళ్లేముందు లియో గీసిన ఆఖరి బేస్ మస్టాంగ్, 30 అంగుళాలది. అది వచ్చింది మస్టాంగ్ గిటార్‌కు జతగా. ఆ గిటార్‌ను కంపెనీ అమ్ముతున్నది విద్యార్థులకు. వాయిద్యం బాగున్నా అరల్లో దాని చోటు పిల్లల వరసలో పడింది. కొన్నేళ్ల తర్వాత వచ్చిన మ్యూజిక్‌మాస్టర్ బేస్ ఇంకో మెట్టు దిగింది. దాని ప్లాస్టిక్ మూత విప్పి చూస్తే కనబడేది గిటార్ పికప్: నాలుగు తీగల కింద ఆరు అయస్కాంతాలు. గిడ్డంగిలో ఉన్న సరుకునే పెట్టి ఖర్చు తగ్గించుకున్నారు. ఇక జపాన్ నుంచి వచ్చిన చవక గిటార్ల సెట్లలో బేస్ అంటే పొట్టిదే. ఒక తరం బేసిస్టులంతా మొదట పట్టుకున్నది ఇలాంటి వాయిద్యం, రెండోసారి డబ్బు కూడబెట్టి కొనుక్కున్నది ఫెండర్. పలుచటి నాదానికీ మంచి నాదానికీ మధ్య వాళ్ల కళ్లకు కనబడిన తేడా నాలుగంగుళాలు. మూత కింది అయస్కాంతాలు కనబడలేదు.

తీగలదీ ఇదే గోల. 30 అంగుళాల బేస్‌కు సమానమైన బిగువు కావాలంటే తీగ బరువు 28 శాతం పెరగాలి. 0.105 అంగుళాల మందం ఉండే లావు తీగ 0.119 అవ్వాలి. కానీ లావెక్కితే బిరుసెక్కుతుంది, కాబట్టి మధ్యేమార్గంలో, చుట్టే తీరు మార్చి ప్రత్యేకంగా చేయాలి. చాలాకాలం దుకాణాల్లో దొరికినవి పొడవు స్కేలు తీగలే. వాటిని కత్తిరించి ఎక్కించేవాళ్లు. చుట్టు ఉన్న లావు భాగమే బిరడా మీదికి వచ్చి మెలిపడితే లోపలి తీగ మీద పై చుట్టు వదులవుతుంది, ఆ తీగ పుట్టుకతోనే చచ్చినట్టు. పొట్టి బేస్ మంద్రం మూగదన్న మాట ఎందరు ఇలాంటి తీగ విని అన్నారో.

పికప్‌ను, తీగను, స్కేలును విడదీసి చూపించే సాక్ష్యం కావాలంటే స్టాన్లీ క్లార్క్ ఉన్నాడు. డబుల్ బేస్ మీద శాస్త్రీయంగా సాధన చేసి, పియానిస్టు చిక్ కొరియాతో కలిసి వాయిస్తూ 1970ల మొదట్లో అతను ఎలక్ట్రిక్ వైపు వచ్చినప్పుడు చేతిలో ఉన్నది గిబ్సన్. కాలిఫోర్నియాలోని అలెంబిక్ సంస్థకు చెందిన రిక్ టర్నర్ అతని కచేరీ విని, వేళ్లు అద్భుతం గానీ నాదం బాగాలేదని మొహం మీదే చెప్పి, తాము చేసిన బేస్ చేతికిచ్చాడు. అలెంబిక్ బేస్‌లో తక్కువ చుట్ల పికప్‌లు, వాటి బలహీన సంకేతాన్ని పెంచే ప్రీయాంప్, బహుపొరల గట్టిచెక్క మెడ. స్కేలు మాత్రం 30¾ అంగుళాలే. మనిషి అతనే, వేళ్లు అవే, పొడవు ఇంచుమించు అదే. నాదం గాజులా తేటపడింది. 1976లో వచ్చిన 'స్కూల్ డేస్' రికార్డులో బేస్ పక్కవాయిద్యంగా ఉండనని తేల్చి చెప్పి, తానే రాగం ఎత్తుకుంది. బురద స్కేలుదే అయితే ఇది జరగడానికి వీల్లేదు. జాక్ బ్రూస్ ఇంకో దారిలో అదే సంగతి రుజువు చేశాడు. క్రీమ్ బృందంలో అతను వాయించిన గిబ్సన్ ఇబి-3 మీద ఆ బురద పికప్ ఉండనే ఉంది, కానీ సన్నపాటి తీగలు బిగించి, యాంప్‌ను అరిపించి, ఎరిక్ క్లాప్టన్ గిటార్‌తో పోటాపోటీగా తీగల్ని లాగి వాయించాడు. 34 మీద ఆ శైలి పుట్టేదా అంటే, నా అనుమానం పుట్టేది కాదని.

చేతులు చిన్నవాళ్ల వాయిద్యం అన్న మాటకు ఎక్కువ సమయం ఇవ్వక్కర్లేదు. రోలింగ్ స్టోన్స్‌లో బిల్ వైమన్ తన చేతులు చిన్నవి కాబట్టే పొట్టి బేస్‌లు వాడానన్నాడు. టాకింగ్ హెడ్స్‌లో టీనా వెయ్‌మత్ మస్టాంగ్, హాఫ్నర్‌లతో ఒక తరాన్ని నాట్యమాడించింది. వాళ్లకు అనువుగా ఉంది, వాడుకున్నారు, అందులో తలవంపులేమున్నాయి? ఆరడుగులు దాటిన క్లార్క్ మరి ఎందుకు వాడినట్టు? చేతిలో 42 అంగుళాల డబుల్ బేస్‌ను లొంగదీసుకున్న మనిషికి 34 కష్టమై కాదు గదా.

ఇంతకీ 34 ఎందుకు గెలిచిందంటే, మొదట రావడం కాదు, మొదట అంతటా ఉండటం. స్టూడియోల్లో ఎలక్ట్రిక్ బేస్ అనే మాటకు బదులు 'ఫెండర్ బేస్' అనే రాసుకునేవాళ్లు. మోటౌన్ రికార్డు కంపెనీలో జేమ్స్ జేమర్సన్ 1962 నాటి ప్రెసిషన్‌తో వేసిన బాట మీదే తర్వాతివాళ్లు నడిచారు. రికార్డింగ్ ఇంజనీర్లకు ఆ నాదాన్ని ఎక్కడ కూర్చోబెట్టాలో తెలుసు, కొత్తది తెస్తే మొహం చిట్లించేవాళ్లు. దాని గెలుపులో యోగ్యత లేదనను. బొటనవేలితో చరిచి వాయించే పద్ధతికి బిగువైన తీగ కావాలి, అక్కడ 34ది పైచేయి. ఐదో తీగ సెకనుకు 31 కంపనాల దాకా దిగాలి. 30 అంగుళాల మీద అది తాడులా వేలాడుతుంది, దానికోసం కొందరు 35కు కూడా పోయారు. శ్రుతి బాగా దించి భారీ రాక్ వాయించేవాళ్లకు పొట్టి బేస్ సిఫారసు చేయడం మోసమే అవుతుంది.

పొట్టి బేస్‌కు ఇవాళ మళ్లీ వస్తున్న ఆదరణను కొందరు పాతకాలపు మోజు అంటారు. వయొలిన్ ఆకారపు బేస్‌లను కొనేవాళ్లలో కొందరికి అది వర్తిస్తుంది కూడా. కానీ మోజు మాత్రమే అయితే పాత నమూనాల నకళ్లతో సరిపోవాలి. ఫెండర్ మస్టాంగ్‌ను తిరిగి తెచ్చినప్పుడు కొన్నింటికి ప్రెసిషన్, జాజ్ బేస్‌ల తరహా పికప్‌ల జత పెట్టింది. మ్యూజిక్‌మ్యాన్ తన స్టింగ్‌రేను 30 అంగుళాల్లో చేసినప్పుడు కాలిఫోర్నియాలోని సొంత కర్మాగారంలో, పెద్దదానికి తగిన ధరకే చేసింది. తీగల కంపెనీలు 30 అంగుళాల కోసమే చుట్టిన సెట్లను నున్నటివీ, గరుకువీ, నైలాన్ తొడుగువీ విడివిడిగా అమ్ముతున్నాయి. స్టూడియోల్లో రెండు స్కేళ్ల బేస్‌లూ ఒకే స్టాండు మీద ఉంటున్నాయి. డ్రమ్ముతో కలిసి గుద్దు కావాల్సిన పాటకు ఒకటి, పియానోకు అడ్డురాకుండా మధ్యలో మెత్తగా నిండాల్సిన పాటకు ఇంకొకటి తీస్తున్నారు.